నీళ్ళలోనూ గాలిలోనూ

1966 మార్చి ఆఖరి వారంలో కాలేజీ ఆఫీసు నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. జీవశాస్త్రంలో పట్టాకు కావలసిన చదువంతా పూర్తి చేశాననీ, మార్కులు మెచ్చుకోదగ్గవనీ మొదట రాశారు. ఈత పరీక్ష మాత్రం మిగిలిపోయిందనీ, మే ఇరవైలోగా అది కూడా అవకపోతే జూన్‌లో పట్టా ఇవ్వడం వీలుపడదనీ తరవాత రాశారు.

ఒహాయోలోని ఆ కాలేజీలో అదొక పాత నియమం. పట్టా పుచ్చుకోబోయే ప్రతివాళ్ళూ ఈతకొలనులో ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు ఈదాలి. పక్క గట్టు పట్టుకోకూడదు, అడుగున కాలు ఆనించకూడదు. మిగతావాళ్ళంతా మొదటి ఏడాదే ఆ పని కానిచ్చేశారు. నేను నాలుగేళ్ళూ తప్పించుకు తిరిగాను. ఒకసారి జలుబన్నాను, ఒకసారి చీలమండ బెణికిందన్నాను. ఒకే నెలలో మూడుసార్లు నెలసరి అని చెప్పినా ఎవరూ ఆరా తీయలేదు. పదకొండు వందల మందిలో మేం నల్లపిల్లలం ఏడుగురం. మమ్మల్ని ఏదైనా గట్టిగా అడగడానికి వాళ్ళకు మొహమాటం.

ఆ రోజు నేను భోజనానికి వెళ్ళలేదు. నా భయమంతా ఇంటి గురించే. ఉత్తర కరోలినాలో కిన్‌బరో అనే చిన్న ఊరు మాది. మా నాన్న లెమ్యుయల్ ఫెయిసన్ మునిసిపాలిటీ లారీ నడిపేవాడు. మా అమ్మ వాష్టీ బడి వంటింట్లో పనిచేసేది. కాలేజీ గడప తొక్కినది మా ఇంట్లో నేనే మొదటిదాన్ని. స్నాతకోత్సవానికి రెండు కార్లలో పదకొండు మంది బయల్దేరుతున్నారని అమ్మ జనవరిలోనే రాసింది. ఎవరు ఏ కారులో కూర్చోవాలో కూడా తేల్చేసింది. సెప్టెంబరులో మా ఊరి నల్లపిల్లల బడిలో సైన్సు టీచరుగా నన్ను చేర్చుకోవడానికి హెడ్మాస్టర్ క్రీసీగారిని ఒప్పించింది. చర్చిలో సాక్ష్యం చెప్పే ప్రతి ఆదివారం నా పేరు ఎత్తి ప్రభువుకు స్తోత్రం చెప్పేది. అలాంటి అమ్మకు, ఈత రానందువల్ల నాకు పట్టా రాదని ఏ నోటితో చెప్పను?

చెప్పకుండా దాచిన సంగతి ఇంకొకటి కూడా ఉంది. నేను కాలేజీలో డాన్సు చేస్తున్నాను.

ఈత తప్పించుకోవడానికే డాన్సులో చేరాను. రెండో ఏడాది ఆడపిల్లలందరూ ఏదో ఒక వ్యాయామం క్లాసు తీసుకోవాలి. జిమ్ గోడమీద అంటించిన పట్టికలో నీళ్ళలో దిగనక్కరలేని క్లాసు ఏదా అని వెతికితే, మిస్ వెదరిల్ డాన్సు క్లాసు కనిపించింది. మొదటిరోజు జంటలుగా చేతులు పట్టుకోమన్నారు. నా చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. మిస్ వెదరిల్ స్వయంగా వచ్చి నా ఎదుట నిలబడి రెండు చేతులూ పట్టుకుంది. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, నెరిసిన జుట్టు వెనక్కి లాగి కట్టుకునేది. ఆ రోజు నుంచి ఆవిడ ఏం చెబితే అది చేశాను. మూడో ఏడాదికల్లా సోలో ఇచ్చింది.

మా చర్చిలో డాన్సు పాపం. ఆరాధనలో పరిశుద్ధాత్మ దిగినప్పుడు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ అడుగులు వేయడం పాపం కాదు. రెండింటికీ తేడా ఏమిటని చిన్నప్పుడు అడిగితే అమ్మ చెప్పింది: అడుగు వేసేటప్పుడు ఒక కాలు రెండో కాలిని దాటకూడదు. దాటకపోతే అది దేవుడికి, దాటితే లోకానికి. అమ్మ ఆ వలయంలో దిగిందంటే పాస్టరుగారు కూడా పాట ఆపి చూసేవాడు. గంటసేపు తిరిగినా ఆమె కాళ్ళు ఒక్కసారి కూడా దాటేవి కావు. ఇంటికి రాసే ఉత్తరాల్లో నేను “వ్యాయామం క్లాసు” అని మాత్రమే రాసేదాన్ని.

మర్నాడు కాలేజీ ఉత్తరం తీసుకుని మిస్ వెదరిల్ గదికి వెళ్ళాను. డాన్సుతోపాటు ఈతకొలను కూడా ఆవిడ అజమాయిషీలోదే. ఆవిడ ఉత్తరం చదివి, కళ్ళద్దాలు తీసి నవ్వింది. ఇంతదానికి మొహం అలా పెట్టుకోవాలా అంది. సొరుగులోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టింది.

“ఇది కాలేజీ డాక్టరుకి ఇవ్వు. ఆయన సంతకం చేస్తే పరీక్ష నుంచి మినహాయింపు వస్తుంది. మీ వాళ్ళ ఎముకలు బరువు ఆర్డీలియా. నీళ్ళలో తేలవు. అందులో నీ తప్పేం లేదు. ఇదివరకు ఇద్దరికి ఇలాగే చేశాం.”

ఎంతో దయగా అంది. ఆ మాట అన్న నోటితోనే, మే పద్నాలుగున మా వసంత ప్రదర్శన చూడటానికి న్యూయార్కు నుంచి తన పాత స్నేహితురాలు వస్తోందనీ, ఆవిడకు సొంత డాన్సు బృందం ఉందనీ, నన్ను చూపించడానికే పిలిచాననీ చెప్పింది. నేను థాంక్యూ అన్నాను. ఫారం తీసుకుని బయటికొచ్చి, జిమ్ వెనక మెట్లమీద కూర్చున్నాక గాని థాంక్యూ ఎందుకన్నానా అని తోచలేదు.

జోయెట్టా మాబ్రీకి చూపించాను. మా ఏడుగురిలో ఒకతె. ఫిలడెల్ఫియా పిల్ల. మొదటి ఏడాది నాతో ఒకే గదిలో ఉండాల్సిన తెల్లమ్మాయి తండ్రి వచ్చి తన కూతురి పెట్టె పట్టుకెళ్ళిపోయినప్పుడు, ఖాళీ అయిన మంచం మీదికి దుప్పటి చంకన పెట్టుకుని వచ్చేసిన మనిషి. ఫారంలో “ఎముకల సాంద్రత” అన్న మాట దగ్గర వేలు పెట్టి చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక మొహం వేరేగా అయిపోయింది.

“నువ్వు ఎగిరితే ఆ హాల్లో అందరికంటే ఎత్తు ఎగురుతావని అన్నది ఆవిడే కదా? నీళ్ళలో మునిగే ఎముకలు గాలిలోకి ఎలా లేస్తున్నాయో కూడా ఆ డాక్టర్నే అడగమను.”

తనకు ఈత వచ్చు. రోజూ ఉదయం ఆరింటికి, ఈత జట్టు పిల్లలు రాకముందు, నన్ను కొలనుకు లాక్కెళ్ళింది. రబ్బరు టోపీ పెట్టుకున్నా నా జుట్టు తడిసి బిరుసెక్కేది. నీళ్ళు గొంతు దాకా రాగానే చేతులు వాటంతటవే వెళ్ళి గట్టు వెంట ఉన్న ఇనుప కడ్డీని పట్టుకునేవి. “ఆ కడ్డీని పెళ్ళి చేసుకో, శుభలేఖలు నేను వేయిస్తాను” అనేది జోయెట్టా. పదిరోజులైనా నేను కడ్డీ వదల్లేదు. పదకొండో రోజు మంచం మీంచి లేవలేదు. ఈస్టరు సెలవులకు ఇంటికి బస్సెక్కినప్పుడు ఆ ఫారం నా సంచీలో ఉంది. నా పేరు, పుట్టిన తేదీ అప్పటికే రాసేశాను.

శనివారం అమ్మ వంటింట్లో నా తల దువ్వింది. పొయ్యిమీద ఇనుప దువ్వెన కాగుతోంది. పాయ తీసి, నూనె రాసి, వేడి దువ్వెనతో చిక్కు లేకుండా సాగదీస్తూ స్నాతకోత్సవం గురించే మాట్లాడింది. తెల్లవాళ్ళు అంతమంది ఉండే చోట బల్ల ఎక్కడ వేసుకోవాలి, కోడివేపుడు చల్లారితే బాగుంటుందా, పాస్టరుగారి భార్యను ముందు సీటులో కూర్చోబెట్టకపోతే మూతి ముడుస్తుందా. నేను ఊ కొట్టాను. చెవి దగ్గర పాయ తీసేటప్పుడు నేను కదిలితే, ఎందుకే అలా వణుకుతున్నావు అంది. దువ్వెన వేడి అన్నాను.

సోమవారం మా వైపు సెలవు. నాన్న తన పాత ట్రక్కులో అత్తయ్య ఇంటికి కేకు ఇచ్చి రావడానికి బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు. నాన్న ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పక్కన కూర్చుంటే మాట్లాడాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. కోర్టు వెనక వీధిలోంచి వెళ్ళాం. అక్కడ గడ్డి మొలిచిన చదునైన స్థలం, రెండు బెంచీలు ఉన్నాయి. ఐదేళ్ళ కిందటి దాకా అది మునిసిపాలిటీ ఈతకొలను. మా వాళ్ళను అందులోకి రానిచ్చేవాళ్ళు కాదు. అందరినీ రానివ్వాలని న్యాయమూర్తి తీర్పు చెప్పిన వారంలోనే ఊరి పెద్దలు దాన్ని మట్టితో పూడ్పించేశారు. అప్పుడు నాకు పదహారేళ్ళు. కంచె అవతల నిలబడి చూశాను. మట్టి పోస్తున్న లారీ స్టీరింగు ముందు మా నాన్న కూర్చుని ఉన్నాడు.

ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ స్థలం దాటగానే నాకు తెలియకుండానే సంచీలోంచి ఫారం తీసి నాన్న ఒళ్ళో పెట్టాను. ఆయన ట్రక్కు పక్కకు ఆపి, పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. ఈదకపోతే పట్టా ఇవ్వరని చెప్పాను. నాలుగేళ్ళు అబద్ధాలు చెప్పానని కూడా చెప్పాను.

“ఎముకలు బరువని ఎవరన్నారు?”

“మా టీచరు. మంచావిడే నాన్నా.”

నాన్న కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. ట్రక్కు వెనక్కి తిప్పాడు. అత్తయ్య ఇల్లు అటు కాదన్నాను. ఊరు దాటి, పొగాకు చేల మధ్య మట్టిదారిలో మూడు మైళ్ళు పోయి, మూతపడిన పాత పిండిమర చెరువు దగ్గర ఆపాడు. బూట్లు విప్పాడు, చొక్కా విప్పి మడత పెట్టి బానెట్ మీద పెట్టాడు. ప్యాంటుతోనే నీళ్ళలోకి నడిచి, ఒక్కసారిగా ముందుకు వాలాడు. చప్పుడు లేకుండా అవతలి గట్టు దాకా ఈదుకుంటూ వెళ్ళి, అలాగే తిరిగొచ్చాడు.

మా నాన్నకు ఈత వచ్చని ఇరవై ఒక్కేళ్ళకు తెలిసింది నాకు. తన చిన్నప్పుడు ఇక్కడే నేర్చుకున్నానన్నాడు. అమ్మ అన్న హోజియా నదిలో పోయాక, తాను గాని తన పిల్లలు గాని నీళ్ళలో దిగకూడదని పెళ్ళికి ముందే అమ్మ మాట తీసుకుందిట. ముప్ఫై ఏళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాడు.

“దిగు,” అన్నాడు. “మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.”

మా వైపు ఏప్రిల్‌లో కూడా నీళ్ళు మంచులా ఉంటాయి. పళ్ళు టకటకలాడాయి. నడుం లోతు దాకా నడిపించి, వెల్లకిలా పడుకోమన్నాడు. వీపు కింద అరచెయ్యి పెట్టాడు. నేను కర్రలా బిగుసుకుపోయాను, కాళ్ళు ముందు మునిగాయి. లేచి నిలబడి దగ్గాను. మళ్ళీ పడుకోమన్నాడు. మళ్ళీ మునిగాను. ఎన్నిసార్లో గుర్తులేదు.

“పడతానని భయపడుతున్నావు డీలీ. పడు. పడటానికే వచ్చాం.”

ఆ మాట వినగానే నా ఒంటికి ఏదో తెలిసింది. మిస్ వెదరిల్ క్లాసులో మేం ఏడాదంతా నేర్చుకున్నది పడటమే. నిలబడ్డ మనిషి మోకాళ్ళు వదిలి, నడుం వదిలి, బరువంతా ఒక్కొక్క అంగుళమే నేలకు అప్పగిస్తూ, ఊపిరి విడుస్తూ, దెబ్బ తగలకుండా పడాలి. నేలను నమ్మిన వాళ్ళకు దెబ్బ తగలదు. ఇక్కడ నేల బదులు నీళ్ళు, అంతే. తల వెనక్కి వదిలాను. ఊపిరి విడిచి భుజాలు వదిలాను. చెవుల్లోకి నీళ్ళు వచ్చి లోకం చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి చూస్తే నాన్న రెండు చేతులూ నీళ్ళ పైన ఉన్నాయి. నా కింద ఏమీ లేదు.

“ఇది నాకు తెలుసు నాన్నా. డాన్సులో నేర్పారు,” అన్నాను.

అనేశాక గాని ఏమన్నానో అర్థం కాలేదు. లేచి నిలబడ్డాను. నాన్న నావైపు చూస్తున్నాడు.

“ఏ డాన్సు?”

చెప్పాను. మూడేళ్ళ సంగతంతా, న్యూయార్కు నుంచి రాబోయే ఆవిడ సంగతి కూడా. ఆయన అడ్డు రాలేదు. నేను ఆగాక, నీళ్ళమీద అరచేత్తో నిమిరాడు.

“పద్దెనిమిది ట్రిప్పుల మట్టి,” అన్నాడు. “రెండు రోజులు పట్టింది. మొదటి లోడు పోసేటప్పుడు అందులో ఇంకా నీళ్ళున్నాయి. తోడించనైనా లేదు. ఫోర్‌మన్ పోసేయమన్నాడు, పోశాను. నువ్వు కంచె దగ్గర నిలబడ్డావు. దిగిపోయి తాళాలు వాడి మొహాన కొట్టాలనుకున్నాను. నీ చదువు గుర్తొచ్చింది.”

ఆయన అంతసేపు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. తరవాత గట్టుమీద కూర్చుని, అత్తయ్య కోసం అమ్మ చేసిన కేకు ఇద్దరం చేతులతో తుంచుకుని తిన్నాం.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. శనివారం తను రెండు గంటలు కూర్చుని సాగదీసిన నా జుట్టు తడిసి, పొదలా లేచి నిలబడి ఉంది. నాన్న ప్యాంటు ఒంటికి అంటుకుపోయి ఉంది. అమ్మ మా ఇద్దరినీ చూసి, నాన్న మొహంలోకి చూసింది.

“నాకు మాటిచ్చావు లెమ్యుయల్.”

“ఇచ్చాను. దానికి ఈత రాకపోతే పట్టా ఇవ్వరుట.”

అమ్మకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. పోయిన తన అన్న పేరు ఒక్కసారి అని, లోపలికి వెళ్ళిపోయింది. నాన్న వరండాలోనే నిలబడిపోయాడు. నేను వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను. ఒక దాపరికం బయటపడ్డాక రెండోది లోపల ఉంచుకోలేకపోయాను. డాన్సు గురించి అక్కడే నిలబడి చెప్పేశాను. ఆమె నా వైపు తిరగలేదు. పొయ్యి వెలిగించి, ఇనుప దువ్వెన మంట మీద పెట్టింది. అది కాగేదాకా ఇద్దరం దాని వంకే చూస్తూ ఉన్నాం.

“కాళ్ళు దాటుతాయా?” అంది.

“దాటుతాయమ్మా.”

అమ్మ కుర్చీ లాగి, కూర్చోమన్నట్టు దాని వీపు తట్టింది. కూర్చున్నాను. తువ్వాలుతో నా తల ఆరబెట్టి, పాయలు తీసి, మొదటినుంచీ మళ్ళీ దువ్వింది. రెండు గంటలు పట్టింది. ఒక్కచోట కూడా చర్మానికి దువ్వెన తగలనివ్వలేదు. మర్నాడు నేను బస్సెక్కేటప్పుడు ఆమె పనికి వెళ్ళిపోయి ఉంది.

కాలేజీకి వచ్చాక ఫారం తిరిగి ఇచ్చేశాను. నేను ఈదుతాను అని మాత్రం అన్నాను. మిస్ వెదరిల్ మొహం మెడదాకా ఎర్రబడింది. నీ ఇష్టం, కానీ మే ఇరవై తరవాత నేనేం చేయలేను అంది. తన దయను తోసిపుచ్చానని బాధపడిందని అర్థమైంది. ప్రదర్శన దాకా మా మధ్య పనికి కావలసిన మాటలే నడిచాయి. న్యూయార్కు ఆవిడకు నా గురించి ఏం చెబుతుందోనని రోజూ భయమే. ఉదయం కొలను, పగలు క్లాసులు, సాయంత్రం రిహార్సలు. ఒక్కొక్క రోజు తింటూ తింటూనే నిద్రపోయేదాన్ని. ఇంటినుంచి ఉత్తరం రాలేదు. ప్రతి ఆదివారం నేను రాస్తూనే ఉన్నాను. ఆ పదకొండు మంది వస్తున్నారో లేదో కూడా తెలియదు.

మే పద్నాలుగున నా సోలో ఐదు నిమిషాలు. అందులో ఏం చేశానో జోయెట్టా చెబితేనే తెలిసింది. తెర పడ్డాక ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. న్యూయార్కు ఆవిడ అంటే మిస్ వెదరిల్ లాంటి ఎవరో తెల్లావిడ అనుకున్నాను. ఇమోజెన్ బ్లాండ్ మా అమ్మ రంగు, మా అమ్మ ఎత్తు. నా భుజం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, గుర్రాన్ని చూసినట్టు చూసింది.

“ఎగరడం ఎవరైనా నేర్పుతారు. అలా పడటం ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలియదు. సెప్టెంబరులో రా. పగలు వేరే పనేదైనా చూసుకోవాలి, మావాళ్ళంతా అంతే. డిగ్రీ మాత్రం చేతిలో పెట్టుకుని రా.”

పరీక్షకు ఇంకా నాలుగు రోజులుంది.

పద్దెనిమిదో తారీఖున కొలను గట్టున మొదటి ఏడాది పిల్లలు ఇరవైమంది కూర్చుని ఉన్నారు. వాళ్ళ క్లాసు టైము అది. జోయెట్టా కూడా వచ్చి గట్టున నిలబడింది. మిస్ వెదరిల్ చేతిలో పుస్తకం, పక్కన పొడుగాటి రక్షణ గెడ. ఆ గెడ ముట్టుకుంటే పరీక్ష పోయినట్టే. మొదటిసారి బాగానే వెళ్ళాను. రెండోసారి తిరిగొచ్చేటప్పుడు ఊపిరి బరువైంది. మూడోసారి సగంలో, లోతు ఎక్కువున్న చోట, ఎడమ పిక్క మెలితిరిగింది. నొప్పికి నోరు తెరిచాను, నీళ్ళు లోపలికి పోయాయి. కడ్డీ ఆరడుగుల దూరంలో ఉంది. గెడ చివర నా మొహం ముందుకు వచ్చింది.

“పట్టుకో ఆర్డీలియా,” అంది మిస్ వెదరిల్. “పట్టుకో, పరవాలేదు.”

నిజంగానే భయపడింది ఆవిడ. గొంతులో తెలిసింది. నేను తల అడ్డంగా ఊపాను. వెల్లకిలా తిరిగాను. తల వదిలాను, భుజాలు వదిలాను, మెలితిరిగిన కాలిని కూడా వదిలేశాను. పైకప్పు ఇనుప దూలాలు కనిపిస్తున్నాయి. చెవుల్లో నీళ్ళు. ఎంతసేపో తెలియదు, ఒక నిమిషం అని తరవాత జోయెట్టా చెప్పింది. ఆ నిమిషమంతా గెడ నా పక్కనే నీళ్ళలో ఉంది, నన్ను తాకకుండా. పిక్క సడలాక మళ్ళీ బోర్లా తిరిగి, కుక్కపిల్ల ఈదినట్టు ఈదుకుంటూ మూడోది ముగించాను. నాలుగోది ఇంకా నెమ్మది. గట్టు ముట్టుకున్నాక చేతులు లేవలేదు. జోయెట్టా చంకల కింద పట్టి లాగింది.

మిస్ వెదరిల్ పుస్తకంలో రాసింది. రాసి, మూసి, కాసేపు అట్టమీదే చెయ్యి పెట్టి ఉంచింది.

“ఆ ఫారం ఇక ఎవరికీ ఇవ్వను,” అంది.

జూన్ ఐదున రెండు కార్లు వచ్చాయి. నేను గేటు దగ్గర ఉదయం ఏడింటినుంచి నిలబడ్డాను. పదకొండు మందిని వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. అమ్మ రెండో కారులోంచి చివర దిగింది. లేతనీలం టోపీ పెట్టుకుంది. నా గౌను కాలరు సరిచేసి, సన్నబడ్డావు అంది. ఈస్టరు తరవాత ఆమె నాతో అన్న మొదటి మాట.

పట్టా చేతికొచ్చాక మైదానం చివర దుప్పట్లు పరుచుకుని, అట్టపెట్టెల్లో తెచ్చుకున్న కోడివేపుడు తిన్నాం. మిగతావాళ్ళు ఫోటోలకు వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకు న్యూయార్కు సంగతి చెప్పాను. నాన్న ముందే ఊహించినట్టున్నాడు, కోక్ సీసా మూత విప్పుతూ కూర్చున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంది.

“సెప్టెంబరులో క్రీసీగారి బడిలో పిల్లలకు ఎవరు చెబుతారు?”

ఇంకెవరినైనా చూసుకుంటారన్నాను.

“ఆయన గుమ్మం ఎక్కి నీ కోసం అడిగింది నేను. మళ్ళీ ఎక్కి, రాదండీ అని చెప్పాల్సింది కూడా నేనే. నువ్వు కాదు.”

వెళ్ళేటప్పుడు, మిగిలిన కోడివేపుడంతా నా గదిలో పెట్టించి వెళ్ళింది. నేను సెప్టెంబరు రెండున న్యూయార్కు రైలెక్కాను.

ఆ వేసవి తరవాత మా ఇల్లు మునుపటిలా లేదు. నాన్న ఇరవై రెండేళ్ళ మునిసిపాలిటీ ఉద్యోగం ఆగస్టులో వదిలేశాడు. ఎందుకని ఎవరడిగినా లారీ పాతదైపోయిందనేవాడు. కలప మిల్లులో చేరాడు. చర్చి అయ్యాక ఆదివారాలు మా వీధి పిల్లల్ని ట్రక్కులో ఎక్కించుకుని పిండిమర చెరువుకు తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. మొదటి నెల అమ్మ ఆయనతో మాట్లాడలేదుట. రెండో నెల తనూ వెళ్ళి గట్టుమీద కూర్చుందిట, కళ్ళు మూయకుండా నీళ్ళమీద తలలు లెక్కపెడుతూ. ఇదంతా నాన్న ఉత్తరాల్లో వచ్చేది. అమ్మ చేతిరాత ఒక్క ముక్క వచ్చేది కాదు. చర్చిలో ఎవరైనా అడిగితే, అమ్మాయి న్యూయార్కులో ఉంటోంది అనేదట. ఏం చేస్తోందంటే, పని చేసుకుంటోంది అనేదట.

ఇమోజెన్ బ్లాండ్ బృందంలో పదమూడేళ్ళు చేశాను. పగలు మొదట ఆస్పత్రి లాబొరేటరీలో సీసాలు కడిగాను, తరవాత రక్తపరీక్షలు చేశాను. జీవశాస్త్రం అలా పనికొచ్చింది. మోకాలు పాడయ్యాక ఒక కాలేజీలో డాన్సు నేర్పాను, ఇరవై ఆరేళ్ళు. నా దగ్గర చేరిన ప్రతి పిల్లకూ మొదటి ఏడాది పడటమే నేర్పాను. నా గురించి మెచ్చుకుంటూ ఎవరెవరో ఏవేవో రాశారు. కొన్ని దాచుకున్నాను, కొన్ని పోయాయి.

1971 నవంబరులో మా బృందం డర్హమ్ వచ్చింది. మా ఊరికి నలభై మైళ్ళు. నల్లవాళ్ళ కాలేజీ జిమ్‌లో ప్రదర్శన. నాన్నకు రాశాను. వస్తానన్నాడు, ఒక్కడే వస్తాడనుకున్నాను. ఆట మధ్యలో జనంలోకి చూడకూడదని ఇమోజెన్ నియమం. నేను చూడలేదు. అయిపోయాక చెమట తుడుచుకుంటూ పక్క గుమ్మంలోంచి వస్తే, ఎదురుగా అమ్మ, కాస్త వెనగ్గా నాన్న. ఆదివారం కోటు వేసుకుంది. ఆమెకు అటూ ఇటూ మా చర్చిలోని పెద్దావిడలు ఇద్దరు, సిస్టర్ లోవీ పేజ్, సిస్టర్ డెల్ఫీన్ బెస్ట్. ఊళ్ళో ఎవరి ఇంట్లో ఏం జరిగినా తెల్లారేసరికి అందరికీ చేరవేసే ఇద్దరినీ ఏరి తెచ్చుకుంది.

నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాదాలకు చెప్పులు కూడా లేవు. సిస్టర్ లోవీ నా ఒంటికి అంటుకున్న బట్టల్ని కిందినుంచి పైకి చూస్తోంది. అమ్మ తన కోటు విప్పి నా భుజాల మీద వేసింది. బొత్తాలు ఒకటొకటిగా పెట్టింది. తరవాత వాళ్ళిద్దరి వైపు తిరిగింది.

“మా ఆర్డీలియా,” అంది. “మీరు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారుగా ఏం చేస్తుందని. ఇదిగో, దీని పని ఇదే.”